మొనకు మొన

రేపు వాళ్ళ తాత పెద్దకర్మ.
ఈ రాత్రి వుంపినీ వచ్చింది,
పాతబట్టలో చుట్టిన తుపాకీని
నిద్రపోయిన పిల్లాణ్ణి మోసినట్టు భుజాన వేసుకుని.
"పేలడంలేదు నైందూ మామా.
పేలకపోతే తాతకి దారి దొరకదంటోంది అమ్మ."

యెండి ఊరి చివర నా కొలిమి.
ఎడారి గాలికి నిప్పు దానంతటదే రాజుకుంటోంది.
గూట్లో రాళ్ళు, స్క్రూలు, విరిగిన స్ప్రింగులు.
ఈ ఊరి తుపాకులన్నిటికీ నేనే మంత్రసానిని.

ముందు గొట్టం కొలిచాను.
నాలుగు జానలు, మీద నాలుగు వేళ్ళు.
వేటగాళ్ళది ఇంకా పొడుగు, ఇంకా పలచన.
మూతి దగ్గర చిన్న ఇనుప దిమ్మ.
గురి చూసుకోడానికే అనుకుంటారు అందరూ.
బాయొనెట్టు తగిలించేది కూడా దానికే.
జింకని కొట్టేవాడికి బాయొనెట్టు ఎందుకు?
ఇది మనుషుల కోసం చేసింది.

షియా వెన్న పూసి, బూడిద అద్ది
తాళం రేకు రుద్దాను.
మెల్లిగా కిరీటం తేలింది,
దాని కింద రెండక్షరాలు.
నాకు ఆ చదువు రాదు.
మా నాన్న నా వేలు పట్టి తడిమించిన ఆకారాలే వచ్చు:
రేకు తోక మీద
పార పిడి ఒకటి, కుండమూతి ఒకటి,
పక్కపక్కన రెండు పొట్టేళ్ళు కొమ్ములెత్తినట్టు ఒకటి,
విరిగిన దువ్వెనకి మిగిలిన మూడు పళ్ళు,
చివర, కాలు చాపుకుని కూర్చున్న ముసలిది.
అయిదూ ఉంటే లండను కోట పేరు, అనేవాడు.

"అయిదూ ఉన్నాయిగా!"
ఉంటే చాలదమ్మా.
సంతలో దొరికే ప్రతి తుపాకీ మీదా
ఆ ముసలిది కాలు చాపుకునే ఉంటుంది.
కావలసింది బాణం.

మందు గిన్నె కింద, వడ్లగింజంత,
బురదలో కోడి అడుగు పడ్డట్టు,
దొరికింది.
ఇది రాజుగారి సొమ్ము అని దానర్థం.

వుంపినీ లేచి నిలబడింది.
"చెప్పలేదూ! తాతకి తాత
యుద్ధంలో తెల్లసిపాయి చేతిలోంచి లాక్కున్నాడు.
పండగ పండక్కీ మా డప్పులాయన పాడేది అదే కదా."

అప్పటికే నేను మడమ తిప్పాను.
కర్ర పగిలినచోట ఎవరో ఎన్నడో
పచ్చి ఆవుతోలు బిగించి ఎండబెట్టారు.
తోలు అంచు కిందికి నా బొటనవేలు జారింది.
ఇంకో కోడి అడుగు.
దానికి ఎదురుగా మరొకటి.
మొనకు మొన ఆనించి.

నాన్న ఇది ఒక్కసారే చూపించాడు.
రాజుకి అక్కర్లేని దాని మీద వేస్తారట.
పాతబడింది, తీసి అమ్మెయ్యండి, అని.
ఎవరి చేతిలోంచీ ఎవరూ లాక్కోలేదు.
ఓడలో కట్టలుగా వచ్చింది.
ఉప్పుకి కొన్నారో, కోలా కాయలకి కొన్నారో,
నోటితో అనకూడని ఇంకో సరుక్కి కొన్నారో.

"ఏమిటి మామా అది?"

తిత్తి నొక్కాను, అవసరం లేకపోయినా.
"కొలువు తీరిందని గుర్తు," అన్నాను.
అబద్ధం కాదు. నిజానికి ఒక పక్క.

ఆ పిల్ల దీపం దగ్గరికి లాక్కుంది.
తన వేలితో తనే తడిమింది, చాలాసేపు.
"అంటే అమ్మేశారు."
బయట మేకలు కదిలాయి.
"డప్పులాయనకి చెప్పకు మామా. పెద్దవాడు.
పాట మధ్యలో ఆగిపోతాడు."

కొత్త చెకుముకి రాయి వేశాను.
పాత తోలు కోసి కొత్తది చుట్టబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టింది:
"అక్కడ వద్దు. కొంచెం కిందికి."

తెల్లారింది. డప్పులాయన పాడాడు,
ఆ సిపాయి అరిచిన అరుపుతో సహా.
వుంపినీ వాళ్ళ మేనమామ తుపాకీ ఎత్తాడు.
మొదటిసారి మంట గిన్నెలోనే భగ్గుమని చచ్చింది.
ఎవరో దగ్గారు. నేను నేల చూశాను.
రెండోసారి
చింతచెట్టు మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

పొగ చెదిరాక చూస్తే
పిల్ల మేనమామ దగ్గర తుపాకీ తీసుకుని
మడమ తన వైపు తిప్పుకుంటోంది.
వేడిగా ఉంటుంది, జాగ్రత్త, అందామనుకున్నాను.
వేడి గొట్టానికే గాని కర్రకి ఉండదు.
ఊరుకున్నాను.